కూర్చుంటే రాని లెక్కలు

టీచరుగా పనిచేసినన్నాళ్లూ నా నోట ఎక్కువగా వచ్చిన మాట "కూర్చో". పాఠం మొదలయ్యే ముందు కూర్చో. పాఠం అయ్యాక కూర్చో. జవాబు తెలిసినా కూర్చునే చెప్పు. కొంతమంది పిల్లలకు ఆ ఒక్క మాటతోనే చదువు దూరమవుతుందని తెలియడానికి నా ఉద్యోగంలో సగం గడిచిపోయింది.

రిటైరయ్యానంటే మా వాళ్లు నవ్వుతారు. నాకింకా నలభై రాలేదు. పాప పుట్టాక చూసుకునే మనిషి లేక మానేశాను. మళ్లీ ఆ పనికి వెళ్లే ఆలోచన లేదు కాబట్టి రిటైర్మెంటనే అనుకుంటున్నాను. చిక్కడపల్లి, నారాయణగూడ సందుల్లో ఇంటినే బడిగా మార్చిన చిన్న స్కూళ్లు చాలా ఉన్నాయి. ఏటా డిగ్రీ అయీ అవని అమ్మాయిల చేతికి సుద్దముక్క ఇచ్చి క్లాసులోకి పంపేస్తారు. నన్నూ అలాగే పంపారు. ఆ అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. పాప నిద్రపోయాక దొరికే సమయంలో రాస్తున్నాను కాబట్టి అక్కడక్కడ తల్లి బెంగ కూడా కలుస్తుంది. మొన్న పాపను హైదర్‌గూడలో ఒక స్కూలుకు తీసుకెళితే అక్కడి మేడం కాసేపు చూసి, "మీ పాప ఒకచోట నిలవదండీ" అని చెప్పింది. ఆమె మామూలుగానే చెప్పింది. నాకు ఆ రోజు అన్నం దిగలేదు.

ఎవరెవరు ప్రిన్సిపాల్ అయ్యారు, ఇన్‌స్పెక్షన్లకు ఏం రాశాం, అవన్నీ ఇక్కడ అనవసరం. ఒక పిల్ల గురించి చెబుతాను. నాకు వచ్చిన పనిలో చాలా భాగం ఆ పిల్ల దగ్గరే వచ్చింది.

ఇల్లే బడి

మా స్కూలు ఒకప్పుడు ఎవరో కాపురమున్న మేడ. హాల్లో ఒకటో తరగతి, పడకగదిలో రెండో తరగతి, వంటగదిలో స్టాఫ్ రూమ్. సింకు పక్కనే హాజరు పట్టీలు పెట్టుకునేవాళ్లం. గ్రౌండ్ అనేది లేదు. బెంచీల మధ్య టీచరు పక్కకు తిరిగి నడవాలి.

మా కింది అంతస్తులో స్టడీ హాల్. ప్రభుత్వ ఉద్యోగాల పరీక్షలకు జిల్లాల నుంచి వచ్చి అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉంటున్నవాళ్లు పొద్దున్నుంచీ అక్కడ చదువుకునేవారు. ఒక్కొక్కరికి ఒక బల్ల, ఒక లైటు, మూడు వైపులా అట్ట గోడలు. మా పిల్లలు మెట్లెక్కేటప్పుడు ఆ తలుపు ముందు మునివేళ్ల మీద నడవాలని రూలు.

ఆ రూలు పెట్టింది మా హెడ్‌మిస్ట్రెస్ పద్మజ మేడం. వాళ్లు ఎప్పుడో గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. ఆమె గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. కదిలే పిల్ల చెడిపోయే పిల్ల అని ఆమె నమ్మకం. క్లాసు నిశ్శబ్దంగా ఉంటే పాఠం బాగా జరుగుతున్నట్టు, గోలగా ఉంటే టీచరుకు చేతకానట్టు. ఈ విషయంలో ఆమెది పొరపాటే. కానీ పిల్లల్లో ఎవరు పొద్దున తినకుండా వచ్చారో మొహం చూసి చెప్పేది. అలాంటి బాస్ దొరకడం తేలిక కాదు. ఆమెతో పోట్లాడాలి, ఆమె దగ్గర నేర్చుకోవాలి, రెండూ ఒకేసారి చేయాలి.

మెట్ల మీద వెన్నెల

వెన్నెల రెండో తరగతి. వాళ్ల నాన్న మల్లేశ్ అశోక్‌నగర్ చౌరస్తా దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్నాడు. ఊరు జనగామ వైపు. ఇడ్లీ, వడ, మైసూర్ బజ్జీ. హాస్టల్ పిల్లలంతా ఆయన గిరాకీయే. భార్యాభర్తలిద్దరూ తెల్లవారకముందే లేచి పిండి, చట్నీల పనిలో పడేవారు.

ఆ పిల్ల కూర్చోదు. ఒక కాలు బెంచీ మీద, ఒకటి కింద. పెన్సిల్ పడేసుకుని దాని కోసం బెంచీ కింద దూరి అవతలి వరసలో తేలేది. నాకంటే ముందున్న టీచర్లు ఆమెను గోడవైపు ఇరికించి, పక్కన బుద్ధిమంతురాలైన పిల్లను కూర్చోబెట్టారు. దాంతో ఇద్దరికీ చదువు సాగలేదు.

తీసివేతలు అసలు వచ్చేవి కావు. పద్నాలుగులోంచి ఐదు తీసేయమంటే పదకొండు రాసేది. ఐదులోంచి నాలుగు పోతే ఒకటి, పక్కన ఇంకో ఒకటి. చిన్న అంకె పైనున్నా కిందున్నా పెద్దదాంట్లోంచే తీయాలని ఆమె సొంతంగా ఒక పద్ధతి పెట్టుకుంది.

ఒకరోజు ఇంటర్వెల్ తర్వాత మెట్ల మీద ఇంకో పిల్లతో ఆడుతోంది. ఒకరు ఎక్కి ఆగుతారు, రెండోవాళ్లు ఎన్ని మెట్లు దిగాలో చెబుతారు. దిగినవాళ్లు కిందికి చూడకుండా ఎన్నో మెట్టు మీదున్నారో చెప్పాలి. వెన్నెల పద్నాలుగో మెట్టు మీద ఉంది.

"ఐదు దిగు," అంది ఆ పిల్ల.

వెన్నెల కదలకముందే, "తొమ్మిదిల ఉంట," అని చెప్పి దబదబా దిగింది. సరిగ్గా అక్కడే ఆగింది.

నేను ఆపి అడిగాను. "నిన్న నోట్సులో ఇదే లెక్కకు పదకొండు రాశావు కదే?"

"నిన్న కూసున్న గద టీచర్," అంది.

వెటకారంగా అనలేదు. ఆమెకు తెలిసిన సంగతి చెప్పింది.

పదికి దూకుడు

మరుసటి రోజు బెంచీలు వెనక్కి జరిపించి నేల మీద సుద్దతో పొడుగాటి గీత గీశాను. దాని మీద చిన్న గుర్తులు, పదేసి గుర్తులకు ఒక పెద్ద అడ్డగీత. ఒకటికి పాదం జరపాలి. పదికి ఒక్క దూకు దూకాలి. కూడితే ముందుకు, తీసేస్తే వెనక్కి. ముప్పై నాలుగులోంచి పద్దెనిమిది తీయాలంటే వెనక్కి ఒక దూకు, తర్వాత ఎనిమిది జరుపులు. వెన్నెల పదహారు మీద నిలబడి నడుము మీద చేతులు పెట్టుకుంది.

పిల్లలతో కదలిక చేయించాలనుకునేవాళ్లకు ఇక్కడే ఒక మాట. ఆ కదలికే లెక్క కావాలి. ఎక్కాలు అప్పజెబుతూ ఊరికే గెంతితే పిల్లలకు సరదా, చూసేవాళ్లకు ముచ్చట. అంతకుమించి జరిగేదేమీ లేదు. దూకు అంటే పది అని పిల్ల ఒంటికి తెలిస్తేనే అది పాఠం. "బాగా రాస్తే ఆడనిస్తా" అని కదలికను బహుమతి చేయడం ఇంకా నష్టం. కదలిక ఎవరికి అందరికంటే ఎక్కువ అవసరమో, ఆ పిల్లలకే ఆ బహుమతి ఎప్పుడూ రాదు. కదలనని మొండికేసేవాళ్లూ ఉంటారు. నలుగురి ముందు దూకడమంటే కొందరికి సిగ్గు. వాళ్లను అంకెలు పిలిచే పనిలో పెట్టండి, లాగొద్దు.

ఇంకోటి. తెలుగు పీరియడ్‌లో గుణింతాలకు కూడా ఒంటితో గుర్తులు పెట్టాను. దీర్ఘానికి కుడిచెయ్యి బారుగా చాపాలి, కొమ్ముకు కుడిచెయ్యి మోచేతి దగ్గర వంచాలి, గుడికి తల మీద చేతులు కలపాలి. పిల్లలు హాయిగా చేశారు. కొన్నాళ్లకు నోట్సులు చూస్తే సగం మంది కొమ్ములు అక్షరానికి ఎడమవైపు పెట్టారు. తల పట్టుకున్నాను. కారణం నేనే. నేను వాళ్లకు ఎదురుగా నిలబడి కుడిచెయ్యి ఎత్తితే, అద్దంలోలా వాళ్లు ఎడమ చెయ్యి ఎత్తేవారు. డ్రిల్లు మాస్టర్లందరికీ తెలిసిన విషయం నాకెవరూ చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను: ఒంటితో ఏది నేర్పినా పిల్లలకు వీపు పెట్టి చేయండి.

గీత లేదు టీచర్

అర్ధసంవత్సర పరీక్షలో వెన్నెల లెక్కల పేపరు తెల్లగా ఇచ్చింది. పరీక్ష మధ్యలో రెండుసార్లు లేచి నిలబడితే కాపలా ఉన్న టీచరు భుజం పట్టి కూర్చోబెట్టిందట. మూడోసారి ఏడ్చిందట.

"అన్నీ వచ్చు కదమ్మా, ఎందుకు రాయలేదు?" అన్నాను.

"గీత లేదు టీచర్."

పద్మజ మేడం ఆ పేపరు నా ముందు పెట్టింది. "చూడు సునీతా, నువ్వు కష్టపడ్డావు, కాదనను. కానీ ఈ పిల్ల ఎక్కడికెళ్లినా నువ్వు సుద్దముక్క పట్టుకుని ముందు పరిగెడతావా? కాగితం మీద చేయలేని లెక్క లెక్కేనా?"

నాకు కోపం వచ్చింది. కోపం తగ్గాక, ఉద్యోగంలో నన్నెవరూ అంతకంటే పనికొచ్చే ప్రశ్న అడగలేదని తెలిసింది. నేను పాదాలకు నేర్పి ఊరుకున్నాను. పాదాల నుంచి పెన్సిల్ దాకా కూడా దారి వేయాలి, అది వేయలేదు.

ఆ వారమే మల్లేశ్‌ను పిలిపించారు. మేడం ఖరాఖండిగా చెప్పింది. వార్షిక పరీక్ష పాస్ కాకపోతే మూడో తరగతికి పంపను, టీసీ తీసుకెళ్లండి.

మల్లేశ్ చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. "గట్లయితే ఊర్ల మా అమ్మ దగ్గర ఉంచుత మేడం. ఆడ సర్కారు బడిల ఏస్త. ఈడ మాకు బండి ఇడిసి వచ్చుడు అయితలేదు. పిల్లను ఎవరు కూసోబెట్టాలె?"

"మార్చి దాకా టైమివ్వండి," అన్నాను మేడంతో.

"పరీక్ష ఎటూ మార్చిలోనే," అంది ఆమె. "నేనిచ్చేదేముంది?"

మరునాడు వెన్నెల నా కుర్చీ పక్కకు వచ్చి గుసగుసగా చెప్పింది. "టీచర్, తీసివేతలు రాకుంటే ఊరికి పంపుతరట. నానమ్మ మంచిదే. కాని ఆడ అమ్మ ఉండది."

అప్పటికి నాకు పిల్లలు లేరు. ఆ మాట బరువు అప్పుడు నాకు సగమే తెలిసింది. అయినా ఆ పిల్లను మూడో తరగతికి పంపే వదలాలని గట్టిగా అనుకున్నాను.

తీసివేతలకు భూకంపం

గీత మీద దూకుళ్లు ఇంకా ఎక్కువ చేశాం. నా తెలివి అక్కడిదాకానే పోయింది. ఒకరోజు పదిగంటల వేళ గుమ్మంలో ఒక కుర్రాడు నిలబడ్డాడు. లావుపాటి పుస్తకం, చదువుతున్న పేజీలో వేలు. కింద స్టడీ హాల్లో చదువుకునే రమేశ్.

"మేడం, జర బయటికి రండ్రి. ఏందిది? రోజు గీ టైంకు దబ్బు దబ్బుమంటది. మా నెత్తిమీద ఫ్యాన్ ఊగుతున్నది. మస్తు పరేషాన్ అయితున్నది."

"పిల్లలు తీసివేతలు చేస్తున్నారు," అన్నాను.

"తీసివేతలకు భూకంపం ఎందుకు మేడం?"

వెన్నెల నా వెనక నుంచి తల బయటపెట్టింది. "అన్నా, పదికి దునికితేనే దబ్బుమంటది. ఒకటికి అనది."

రమేశ్‌కు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాడు. "అయితే పదులు బంద్ పెట్టు చెల్లె. ఈసారి గ్రూప్స్ రాకుంటే మా బాపు నన్ను పొలం కాడికి రమ్మంటడు."

"నాకు తీసివేతలు రాకుంటే నన్ను సుత ఊరికి పంపుతరు," అంది వెన్నెల.

అతను కాసేపు నేల మీది గీతను చూశాడు. తర్వాత నాతో గొంతు తగ్గించి అన్నాడు. "మేం సుత కూసొని బట్టీ పట్టలేం మేడం. పొద్దుగాల టెర్రస్ మీదికొచ్చి చూడుండ్రి, అందరం పుస్తకం పట్టుకొని తిరుగుతనే ఉంటం. కూసుంటె రాజ్యాంగం ఆర్టికల్స్ బుర్రల నిలవయి. కాని మేం దునుకం, నడుస్తం. మీరు సుత నడువుండ్రి."

సాయంత్రానికి ఇంటి ఓనరు పద్మజ మేడంకు ఫోన్ చేశాడు. మేడం మా క్లాసుకు వచ్చి గీతను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది. చెరిపిస్తుందనుకున్నాను.

"ఇక గెంతులు వద్దు," అంది. "నడవండి. చప్పుడు వినబడిందా, గీత కూడా ఉండదు."

వేళ్లకు లెక్కలు రావు

చెప్పులు విప్పించి నడిపించాను. పదికి దూకు బదులు పెద్ద అంగ. నాకు నచ్చలేదు. సంతోషమంతా తీసేసినట్టు అనిపించింది. కానీ వారం తిరక్కుండానే ఒకటి గమనించాను. దూకేటప్పుడు పిల్లలు ముందున్నవాళ్లను చూసి దూకేసేవారు. చప్పుడు లేకుండా అంగ వేయాలంటే కాలు గాలిలో ఆగాలి, ఎక్కడ పెట్టాలో ముందే అనుకోవాలి. వెన్నెల కాలు గాల్లో ఉండగానే ఆమె పెదాలు అంకెను పలికేవి. కాలికంటే ముందు లెక్క అక్కడికి చేరుతోంది.

ఒకరు నడుస్తుంటే మిగతావాళ్లు ఖాళీగా ఉండేవారు. అది చిన్న గది. ఒకరి తర్వాత ఒకరు నడిచేసరికి పీరియడ్ అయిపోయేది. అందుకని రాసుకునే బెంచీల మీద కూడా పెన్సిల్‌తో చిన్న గీతలు గీయించాను. నేల మీద ఒకరు కాళ్లతో నడిస్తే, బెంచీల మీద అందరూ రెండు వేళ్లతో నడవాలి. పదికి వేళ్లు బాగా చాపాలి, ఒకటికి ముడిచి జరపాలి.

వెన్నెల ఒప్పుకోలేదు. "వేళ్లకు లెక్కలు రావు టీచర్. కాళ్లకే వస్తయి."

"కాళ్లనే నేర్పమను," అన్నాను.

అలా మొదలైంది. మొదట కాళ్లతో నడిచి, వెంటనే బెంచీ దగ్గరికెళ్లి అదే నడక వేళ్లతో నడిచేది. కొన్నాళ్లకు వరస తిప్పాను. ముందు వేళ్లు, తర్వాత సరిచూసుకోవడానికి కాళ్లు. తర్వాత బెంచీ మీది గీతలోంచి చిన్న గుర్తులు చెరిపేశాను, పెద్దవి ఉంచాను. తర్వాత పెద్దవీ చెరిపేశాను. బెంచీ అంచే గీత.

ఇది సాఫీగా జరగలేదు. గీత పూర్తిగా చెరిపిన రోజు వెన్నెల పెన్సిల్ విసిరేసి మెట్ల మీదకెళ్లి కూర్చుంది. నేను బతిమాలలేదు, తిట్టలేదు. మళ్లీ గీత గీసి, అడ్డగీతలు మాత్రం పెట్టలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చేసరికి సగం మర్చిపోయింది. మళ్లీ కాళ్ల దగ్గర నుంచి మొదలుపెట్టాం. నేర్పేటప్పుడు మెట్టు దిగాల్సి వస్తే సిగ్గుపడకండి. దిగిన చోటి నుంచి రెండోసారి ఎక్కడం త్వరగా అవుతుంది.

కదలికను ఎలా మొదలుపెట్టాలో చాలామంది చెబుతారు. దాన్ని ఎలా తగ్గిస్తూ పోవాలో చెప్పేవాళ్లు నాకు దొరకలేదు. ఒళ్లంతా, ఆ తర్వాత చెయ్యి, ఆ తర్వాత వేలి చివర. ఆఖరికి బయటికి కనబడదు, లోపల నడుస్తుంది. దీనికి నెలలు పడతాయి. తొందరపెడితే పిల్ల మళ్లీ పదకొండు దగ్గరికే వెళుతుంది.

పరీక్ష

వార్షిక పరీక్షలో మా రెండో తరగతికి పద్మజ మేడమే కాపలా కూర్చుంది. ఎవరి క్లాసు పరీక్షలో వాళ్లు కాపలా ఉండకూడదు. నేను పక్క గదిలో ఒకటో తరగతికి కాపలా. మధ్యలో ఉన్న తలుపు ఎప్పటినుంచో ఊడిపోయి ఉండేది కాబట్టి వెన్నెల బెంచీ కనబడేది.

మొదటి రెండు లెక్కలు రాసింది. మూడోదాని దగ్గర ఆగింది. కాలు ఒకటి బెంచీ బయటికి వచ్చింది. లేచి నిలబడుతుందని భయపడ్డాను. లేవలేదు. ఎడమచెయ్యి బెంచీ అంచుమీద పెట్టి వేళ్లు చాపబోయింది. అక్కడ పక్కపిల్ల పెన్సిల్ డబ్బా, నీళ్ల సీసా అడ్డం. వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

పద్మజ మేడం లేచింది. చేతులు కదిలించొద్దని చెప్పడానికే వస్తోందనుకున్నాను. అది కాపీ కొట్టడం కాదని ఆమెకు చెప్పాలని గుమ్మం దాకా వచ్చేశాను. ఆమె నన్ను చూడలేదు. ఆ బెంచీ దగ్గర ఆగి, కాసేపు ఆ వేళ్లను చూసింది. తర్వాత సీసా తీసి కింద పెట్టింది. పెన్సిల్ డబ్బా తీసి పక్కపిల్ల ఒడిలో పెట్టింది. వెళ్లి తన కుర్చీలో కూర్చుంది.

బెంచీ అంచు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీ అయింది. వేళ్లు ఒక అంగ వెనక్కి వేశాయి.

దాని గురించి ఆమె నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. నేనూ అడగలేదు. మరుసటి ఏడాది కొత్త టీచర్లకు పని చెబుతూ, "రెండో తరగతి బెంచీల మీద సామాన్లు పెట్టనివ్వకండి" అనడం మాత్రం విన్నాను.

ఫలితాల రోజు మల్లేశ్ భార్యకు బండి అప్పజెప్పి వచ్చాడు. వెన్నెల ఆయన చొక్కా కొస పట్టుకుని నిలబడింది. మేడం కార్డు ముందుకు జరిపింది.

"గొప్పగా ఏం రాయలేదు," అంది. "తీసివేతల్లో ఒకటి తప్పు. పాసైంది."

మల్లేశ్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "గట్లయితే మేడం, ఊరికి పంపుడు..."

"పంపండి. ఎండాకాలం సెలవులు, నానమ్మ దగ్గర మామిడిపళ్లు తిని రానివ్వండి. జూన్‌లో బడి తెరిచే రోజుకు మాత్రం ఇక్కడుండాలి. మూడో తరగతిలో గుణకారాలున్నాయి."

వెన్నెల నాన్న చొక్కా వదిలి నా దగ్గరికి వచ్చింది.

"గుణకారాలు ముందుకా, ఎనుకకా టీచర్?"

"ముందుకే," అన్నాను.